నీళ్ళు రాలేదు

చిట్టినగర్ కొండ మీద
నూట పన్నెండో మెట్టు దగ్గర మా కొళాయి.
ఐదింటికి నీళ్ళొదులుతారు.
నేను నాలుగూ ఇరవైకి లేస్తాను.
బిందె కింద పెట్టి, బకెట్టు బోర్లించి
దాని మీద కూర్చుంటే
ఆ నలభై నిమిషాలూ ఎవరూ అడగరు.

డైరీ మాత్రం నాది కాదు.
ఆటోనగర్లో మా షాపుకి టైర్ల కంపెనీ వాళ్ళిచ్చింది,
ఏడేళ్ళ కిందటిది, అటక మీద పడున్నది.
నాకు మంగళవారమైన రోజు దానికి శుక్రవారం.
నాకది నచ్చింది.
శుక్రవారం నాటి నేను కొంచెం తీరికైన మనిషిని.

తొమ్మిదిన్నరకి కోగంటి గారు షట్టరెత్తుతారు.
అక్కణ్ణించి కమాను పట్టీలు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు,
ఎవరి బాకీ ఎంత, ఏ లారీ ఏ ఊరిది,
జీఎస్టీ నంబర్లో ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదట్నించీ.
"ఎస్తేరమ్మా, నీ చేతిరాత ముత్యాలే" అంటారాయన.
ముత్యాలన్నీ గ్రీజు మరకల మధ్య
ఫైల్లో పడుకుంటాయి.
ఒకసారి పెయింటర్ జానీ బాషా
లారీ వెనక రాయడానికో మాట అడిగాడు.
"మెల్లగా పో, రేపు కూడా ఉంది" అన్నాను.
నలుగురూ చదివిన నా రచన అదొక్కటే.
మాచర్ల రోడ్డు మీద తిరుగుతోంది.

కొళాయి సంగతి తెలిసిందేగా.
ముందు గాలొస్తుంది.
బుస్సుమని, దగ్గి, కాసేపు ఊరుకుని, మళ్ళీ దగ్గి,
కాస్త ఎర్రటి నీళ్ళు కక్కి
ఆ తర్వాత దారికొస్తుంది.
నా పేజీ కూడా అంతే.
కొన్ని పొద్దుల్లో గాలితోనే ఆగిపోతుంది.
అప్పుడు తేదీ కింద
"నీళ్ళు రాలేదు" అని రాసి మూసేస్తాను.
ఖాళీగా వదలకూడదని
నాకు నేను పెట్టుకున్న షరతు.

మార్చిలో వరసగా పదకొండు రోజులు.
ఆడిటరు గారి లెక్కల కోసం రాత్రి తొమ్మిదిదాకా షాపు.
లేచేదాన్నే. కూర్చునేదాన్నే.
పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని నిద్రపోయేదాన్ని.
నీళ్ళు రాలేదు.
నీళ్ళు రాలేదు.
నీళ్ళు రాలేదు.

వజ్రమ్మత్త చూసింది.
ఆమెకి చదువు రాదనుకున్నాను,
వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.
"ఓసినీ, నువ్వు రాసిపెడుతున్నావా!
నోటి లెక్క చెబితే కార్పొరేషనోడు నమ్మట్లా."
ఆదివారం ప్రార్థన అయ్యేసరికి
పై మెట్ల వాళ్ళూ కింది మెట్ల వాళ్ళూ నా గుమ్మంలో.
మొత్తం ఎన్ని రోజులమ్మా?
లెక్కబెట్టాను. నలభై మూడు.
అందులో నిజంగా నీళ్ళు రానివి ఆరో, ఏడో.
మిగతావి నావి.
చెప్పేద్దామనే నోరు తెరిచాను.
గాలే వచ్చింది.

అర్జీ కూడా నేనే రాశాను.
వాళ్ళు తలా ఒకటి చెబుతుంటే,
పచ్చి బాలింత మెట్లెక్కి మోసిన బిందె,
స్నానం లేక బడి మానిన పిల్ల,
ఒక డబ్బా కోసం రెండిళ్ళ మధ్య ఆగిపోయిన మాటలు,
నా చెయ్యి ఆగలేదు.
మూడు పేజీలు. కొట్టివేత లేదు.
రమీజా వేలిముద్ర సరిగ్గా
నా ఆఖరి వాక్యం మీద పడింది.
బాగానే ఉందనిపించింది.

నెల తిరక్కుండా కొత్త మోటారు బిగించారు.
ఇప్పుడు నాలుగూ ఇరవై ఐదుకే నీళ్ళు,
దగ్గూ లేదు, బుస్సూ లేదు, ఒకటే ధార.
వజ్రమ్మత్త మైసూరుపాకు పంచింది.
నాకు రెండు ముక్కలు.
నోట్లో పెట్టుకునే అలారం మార్చుకున్నాను,
మూడూ నలభైకి.

మొదటి రోజు.
చీకట్లో బకెట్టు మీద కూర్చుని తేదీ వేశాను.
కొండ కింద గూడ్సు బండి పోతోంది.
చప్పుడుని బట్టి పెట్టెలు లెక్కపెట్టాను, యాభై ఎనిమిది.
అంతకుమించి ఏమీ తోచలేదు.
పాత మాట రాయబోయి ఆగాను.
ఇంకాసేపట్లో నీళ్ళొస్తాయి,
ఆ మాట అబద్ధమైపోతుంది.

గూడ్సు బండి గురించి రాశాను.